ఎడమ అద్దంలో బల్బు

పక్కింటి అష్ఫాక్ పోయాక వాళ్ళ కారు మా ప్రహరీ పక్కన రేకుల షెడ్డులో ఉండిపోయింది. మా వంటింటి కిటికీ సరిగ్గా దానికి ఎదురు. కాపురానికొచ్చిన కొత్తలో ఆ కిటికీలోంచి గుణదల మాత కొండ కనిపించేది. తర్వాత అపార్టుమెంట్లు లేచి కొండని మింగేశాయి, షెడ్డు మాత్రం మిగిలింది. గిన్నెలు తోముకునేటప్పుడు చూడ్డానికి మనిషికి ఏదో ఒకటి కావాలి కాబట్టి నేను ఆ కారుని చూసేదాన్ని. కారు కూడా నన్ను చూస్తున్నట్టే ఉండేది, దానికీ వేరే పని లేదు కనుక.

పక్క అద్దంలోనే ఇండికేటర్ ఉన్న బండి అప్పట్లో మా వీధి మొత్తానికి అదొక్కటే. కొన్న రోజున అష్ఫాక్ నన్నూ, వాళ్ళావిడ ఆస్మానీ గేటు దగ్గర నిలబెట్టి, లోపల కూర్చుని మీట నొక్కాడు. "చూడండక్కా, అద్దం కన్ను కొడుతుంది" అన్నాడు. "పెళ్ళైన ఆడవాళ్ళకి కన్ను కొట్టే బండి కొన్నావా నాయనా" అన్నాన్నేను. ఆస్మా కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. అష్ఫాక్‌కి టైర్ల వ్యాపారం. పొడుగు మనిషి. సీటు వెనక్కి జరపగలిగినంతా జరిపి కూర్చునేవాడు.

ఫిబ్రవరిలో, మాత తిరనాళ్ళ రోజుల్లో, ఏలూరు నుంచి వస్తూ హనుమాన్ జంక్షన్ దాటాక అతనికి గుండెల్లో నొప్పి వచ్చింది. బండి ఎడమ పక్కకి తీశాడు. హ్యాండ్ బ్రేకు వేశాడు. ఎడమ ఇండికేటర్ వేశాడు. పొద్దు వాలేవేళ గేదెలు తోలుకుపోతున్న ముసలాయనెవరో కిటికీలోకి తొంగిచూసేదాకా ఎవరికీ తెలియలేదు. అప్పటికి బ్యాటరీ సగం చచ్చి, ముందూ వెనకా ఇండికేటర్లు గుడ్డిగా కొట్టుకుంటున్నాయట. అద్దంలోది పూర్తిగా ఆరిపోయి ఉందట. ఇవన్నీ బండి ఇంటికి తెచ్చిన ఆస్మా మరిది జాహిద్ చెప్పిన మాటలు. చెప్పి, ఇక ఆ బండి ఎక్కనన్నాడు. బ్యాటరీ ఊడదీసి వరండాలో కొబ్బరికాయల పక్కన పెట్టేశాడు.

డాక్టరు, క్షణంలో పోయాడన్నాడు. పరామర్శకొచ్చినవాళ్ళంతా అదే అన్నారు. నేనూ అన్నాను. అలాంటప్పుడు ఇంకేమంటాం.

ఆస్మా మాత్రం ఇద్దత్‌లో, మొగుడు పోయినవాళ్ళు గడప దాటని ఆ నాలుగు నెలల పది రోజులూ, తలుపు వెనక కూర్చుని ఒకటే మాట అడిగేది. "ఇండికేటర్ వేసి, పక్కకి తీసి, బ్రేకు వేసినాయన క్షణంలో ఎలా పోతాడక్కా? నాకు వేరే ఏం వద్దు. ఎవరినన్నా పిలిచాడా, పిలిస్తే ఎవరూ ఆగలేదా, అది తెలిస్తే చాలు."

తెలిసి ఏం చేస్తావని నేనడగలేదు. నాకైనా అదే కావలసి వచ్చేది.

ఇద్దత్ ముగిశాక, జూన్ చివర్లో, ఆస్మా ప్రహరీ మీదుగా నన్ను పిలిచింది. "మా ఆడవాళ్ళం కబరస్తాన్‌కి వెళ్ళం అక్కా. కానీ రోడ్డు దగ్గరికి వెళ్ళకూడదని ఎక్కడా లేదు. అత్తమ్మని అడిగాను. ఆమె కూడా చాలాసేపు ఆలోచించి, లేదంది. ఆయన బండిలోనే వెళ్ళి కాసేపు అక్కడ కూర్చుని వస్తాను. అన్నయ్యగారు నడుపుతారా?"

అన్నయ్యగారంటే మా ఆయన. వెంకటకృష్ణారావు. ఏలూరులో ఆఫీసు, రోజూ అదే రోడ్డు మీద మా పాత కారులో వెళ్ళొచ్చేవారు. ఎండాకాలం ముందు నుంచీ ఎందుకో రైలుకి మారారు. పెట్రోలు దండగన్నారు. పొదుపు ఆయన నోట వినడం నాకదే మొదలు, అందుకని గుర్తుండిపోయింది. ఇంకో కొత్త అలవాటు కూడా వచ్చింది. ఆదివారాలు గన్నవరం మా ఆడపడుచు ఇంటికి వెళ్ళేటప్పుడు ముందున్న బండిని దాటడం మానేశారు. గడ్డి ట్రాక్టరు వెనకాల, గడ్డి మా బానెట్ మీద రాలుతుంటే, ఊరేగింపుగా వెళ్ళేవాళ్ళం. ట్రాక్టరాయన ఎడమ ఇండికేటర్ వేసి, చెయ్యూపి, పొమ్మని బతిమాలేవాడు. ఈయన కదిలేవారు కాదు. "ఆయన వెళ్ళమంటున్నాడండీ" అంటే, "ఏమో, మనకేం తెలుసు" అనేవారు.

ఆస్మా అడిగిన సంగతి చెప్పగానే కంచంలో చెయ్యి ఆగింది.

"ఆ బండికి అద్దంలో బల్బు పోయింది కదా. ఇండికేటర్ లేకుండా హైవే ఎక్కకూడదు."

"వేయిద్దాం."

"మెకానిక్ దొరకొద్దూ."

మెకానిక్కులు దొరకకపోవడానికి ఇదేమన్నా అడవా, విజయవాడ. ఆటోనగర్‌లో ఎటు రాయి విసిరినా ఇద్దరికి తగులుతుంది. కానీ మా ఆయనకి మాత్రం వారం మీద వారం ఒక్కరూ దొరకలేదు. ఒకరోజు వర్షం, ఒకరోజు ఆషాఢం. ఆస్మా వాళ్ళ బండికి ఆషాఢమేమిటని నేనడిగితే పేపరు అడ్డం పెట్టుకున్నారు.

ఆ రోజుల్లోనే ఒకనాడు దీపాలు పెట్టేవేళ స్టవ్ మీద పాలు పెట్టి నిలబడ్డాను. గోడకి ఆనించిన స్టీలు పళ్ళెం మీద నారింజరంగు వెలుగు పడింది. ఆరింది. పడింది. ఆరింది. తిరిగి చూస్తే షెడ్డులో కారు ఎడమ అద్దం ఇటు తిరిగి ఉంది, వెలుగు అందులోంచే వస్తోంది.

నేను ఫిజిక్స్ చదివాను. అందుకని ముందు రైల్వే సిగ్నల్ అనుకున్నాను. అది అలా కొట్టుకోదు. వెనకింటి అమలమ్మగారి సీరియల్ సెట్టు అనుకున్నాను. అది క్రిస్మస్ తర్వాత జనవరిలో తీసేసి అటక మీద పెడతారు. ఆ కారులో బల్బు మాడిపోయింది, బ్యాటరీ వరండాలో కొబ్బరికాయల మధ్య ఉంది. ఇక నాకు తెలిసిన భౌతికశాస్త్రం అయిపోయింది. పాలు పొంగాయి. స్టవ్ తుడిచి చూసేసరికి అద్దం మామూలుగా ఉంది.

ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి చెబుదామని గదిలోకి వెళ్తే, ఆయన షెడ్డు వైపు కిటికీకి కర్టెన్ వేసుకుని, చీకట్లో కూర్చుని ఉన్నారు. "లైటు వేయనా" అన్నాను. "ఏ లైటు?" అన్నారు. ట్యూబులైటు అని చెప్పి వేశాను.

అప్పుడు నిశ్చయించుకున్నాను, ఆ బల్బేదో నేనే మార్చేద్దామని. ఒకటి, మొగుడి సాకులు తీసిపారేయడం కూడా ఇంటి పనుల్లో భాగమే. రెండు, మాడిపోయిన బల్బు వెలిగితే దాన్ని ఏమనాలో తెలియదు. మంచి బల్బు వెలిగితే వైరింగ్ బాగాలేదని ఊరుకోవచ్చు.

మర్నాడు ఆటో ఎక్కి ఆటోనగర్ వెళ్ళాను. స్పేర్ పార్టుల దుకాణం ఇస్సాక్‌గారిది, అష్ఫాక్‌కి తెలిసినవాడే. "అద్దంలో వేసే చిన్న ఇండికేటర్ బల్బండీ, నారింజరంగుది" అన్నాను.

"సారు రాలేదామ్మా?"

"సారుకి ఆషాఢం."

ఆయనకి అర్థం కాలేదు గానీ ఏ బండికని అడిగాడు. చెప్పాను. బల్బు కాగితంలో చుడుతున్న చేతులు ఒక్క క్షణం ఆగాయి. "ఆ బండేనా" అన్నాడు. ఇంకేమీ అడగకుండా, పక్క అద్దం ఎలా ఊడదీయాలో మాత్రం చెప్పాడు. లోపలి అంచు నొక్కితే బయటి అంచు పైకి లేస్తుంది, అక్కడ ఏదైనా పల్చటిది దూర్చి మెల్లగా ఎత్తాలి.

పల్చటిదంటే మా ఇంట్లో అట్లకాడ ఉంది. చెక్కది. మధ్యాహ్నం అది తీసుకుని షెడ్డులోకి వెళ్ళాను. ఆస్మా తోడొచ్చి పక్కన నిలబడింది. వాళ్ళత్తగారు జహీదా వరండాలో తస్బీ పూసలు తిప్పుతూ కూర్చుంది. "ఏం చేస్తుందే ఆవిడ?" అని కోడల్ని అడిగింది. "బల్బు మారుస్తుంది అమ్మీ." "అట్లకాడతోనా?" అని మళ్ళీ తస్బీలో పడింది.

అద్దం అంచున అట్లకాడ దూర్చి ఎత్తాను. పెనానికి అంటుకున్న దోసె లేచినట్టు, ముందు మొరాయించి, తర్వాత టప్‌మని లేచింది. వెనక వైర్లున్నాయి. వాటికి వేలాడుతూ అద్దం ఇటూ అటూ ఊగింది. అందులో ఒకసారి ఆస్మా మొహం, ఒకసారి రేకులు, ఒకసారి డ్రైవరు సీటు కనిపించాయి. సీటు ఇంకా వెనక్కే ఉంది. జాహిద్ ఆ బండిని ఇంటిదాకా నడిపాడు కదా, పొట్టివాడు, కాళ్ళందేలా ముందుకి జరుపుకుని ఉండాలి. మళ్ళీ వెనక్కి ఎవరు జరిపారో అడుగుదామనుకుని, ఆస్మా మొహం చూసి మానేశాను.

అద్దం వెనక డొప్పలో చెయ్యి పెట్టి హోల్డరు తిప్పి, బల్బు బయటికి లాగాను. గాజు లోపల నల్లగా పొగచూరి ఉంది, ఫిలమెంటు తెగి వేలాడుతోంది. అంతవరకూ బాగానే ఉంది. బల్బు నా అరచేతిలో వెచ్చగా ఉంది.

షెడ్డులో ఎండ పడదు. బ్యాటరీ వరండాలో ఉంది.

"ఏమైందక్కా?" అంది ఆస్మా.

"ఏం లేదు. మాడిపోయింది."

ఆమె చెయ్యి చాపింది. ఇచ్చాను. కాసేపు గుప్పిట్లో పెట్టుకుని, "వెచ్చగా ఉంది" అంది. ఆమె దాన్ని కొంగున ముడి వేసుకుంది.

కొత్త బల్బు పెట్టి, అద్దం అరచేత్తో నొక్కి బిగించాను. జాహిద్ బ్యాటరీ తెచ్చి పెట్టాడు గానీ లోపల కూర్చోలేదు, బయట నిలబడే తాళం తిప్పాడు. మీట వెయ్యగానే అద్దం కన్ను కొట్టింది. ఆస్మా నవ్వబోయి ఏడ్చింది.

సాయంత్రం మా ఆయన వచ్చాక చెప్పాను, "బల్బు పెట్టాను."

"నువ్వెందుకు పెట్టావు?"

"మీరు పెట్టలేదు కాబట్టి."

ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. ఆయన డ్రైవరు సీట్లో కూర్చుని, కాళ్ళందక, సీటు ముందుకి జరపడానికి కూడా మనసొప్పక, అంచున కూర్చున్నారు. నేనే వెనకనించి చెప్పాను, జరుపుకోండి, లేకపోతే మనల్ని కూడా చూడ్డానికి జనం రావాలి అని. ఆస్మా ముందు, ఎడమ పక్కన. జహీదా గేటు దాకా వచ్చి, "నెమ్మదిగా వెళ్ళు నాయనా" అంది. ఆమె చెప్పకపోయినా అలాగే వెళ్ళేవారు. గన్నవరం దాటేసరికి మమ్మల్ని దాటని బండి లేదు.

హనుమాన్ జంక్షన్‌లో బండి తిప్పి మళ్ళీ విజయవాడ వైపు వచ్చాం. నాట్లు పడుతున్నాయి, రోడ్డుకి రెండు పక్కలా నీళ్ళు తళతళలాడుతున్నాయి. ఆస్మా కిటికీలోకి వంగి చూస్తోంది. "ఒక కల్వర్టు అన్నాడు జాహిద్. సున్నం కొట్టిన గోడ. ఇటు పక్కన చాలా ఉన్నాయి కదా అన్నయ్యగారూ, ఏదో..."

అప్పటికే ఆయన ఎడమ ఇండికేటర్ వేసి, పక్కకి తీసి, ఆపేశారు. గోడ ఉంది. సున్నం కూడా ఉంది. అవతల ఇంకా రెండు మూడు అలాంటివే కనిపిస్తున్నాయి, ఆయన వాటి వైపు చూడలేదు.

సగం బండి మార్జిన్‌లో, సగం రోడ్డు మీద. హ్యాండ్ బ్రేకు వేశారు. ఇండికేటర్ టిక్కు టిక్కుమంటోంది, ఎడమ అద్దంలో నా బల్బు బ్రహ్మాండంగా వెలుగుతోంది. ఆస్మా చేతులు చాపి దువా చేసుకుంది. నేను తల దించుకున్నాను.

వెనకనించి ఒక లారీ వచ్చి, పీం పీం అని చిన్నగా హారన్ కొట్టి పోయింది. తర్వాత ఒక బస్సు. పీం. తర్వాత చేపల వ్యాను. పీం పీం.

ఆస్మా చేతులు మొహానికి రాసుకుని కళ్ళు తెరిచింది. "అందరూ ఎందుకు హారన్ కొట్టి పోతున్నారు? మనం అడ్డం ఉన్నామా?"

"అడ్డమని కాదమ్మా" అన్నారు మా ఆయన. "లెఫ్ట్ వేశాం కదా."

"వేస్తే?"

"లెఫ్ట్ వేస్తే, నేను పక్కకి తప్పుకున్నాను, నువ్వు వెళ్ళు అని. ఈ రోడ్డు మీద మొదట్నించీ అంతే. నాలుగు లైన్లు వేశారు గానీ మా అలవాట్లు ఆ పాత రోడ్డువే. దారి ఇచ్చినవాడికి థాంక్స్ చెప్పి పోతారు. ఆ హారన్ అదే."

ఆస్మా ముందు అద్దంలోంచి రోడ్డుని చూసింది. ఇంకో లారీ పీం అని థాంక్స్ చెప్పింది.

"అయితే ఆ రోజు ఆయన పొమ్మన్నాడనుకున్నారు."

ఆస్మా పోతున్న లారీ వెనకే చూసింది.

"పొద్దు వాలేదాకా. అందరూ థాంక్స్ చెప్పి మరీ పోయారు."

"నేనూ చెప్పానమ్మా" అన్నారు మా ఆయన.

నేను ఆయన మెడ వెనక భాగం చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్ళు చూసిన మెడే. కాలరు తడిసిపోయి ఉంది.

"ఆఫీసు నించి తొందరగా బయల్దేరాను. దూరం నించే బండి గుర్తుపట్టాను. అష్ఫాక్ కదా, ఫోనేదో వచ్చి ఆపుంటాడనుకున్నా. పక్కకొచ్చేసరికి కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపాడు. నేనూ ఊపాను. హారన్ కొట్టి వచ్చేశాను." ఆయన స్టీరింగ్ వైపు చూస్తూ చెబుతున్నారు. "ఇంటికొచ్చి టీ తాగానమ్మా. తిరనాళ్ళ జనం గురించి విసుక్కున్నాను. అప్పటికి బతికే ఉన్నాడు. పిలిచాడు. నన్నే పిలిచాడు."

ఆ టీ నేనే పెట్టాను. ఇంకో కప్పు అడిగారు కూడా.

ఆస్మా ఏడవలేదు. కొంగున ముడిని వేళ్ళతో నలిపింది. "చెయ్యి ఎలా ఊపాడు?" అంది.

"ఆస్మా" అన్నాన్నేను.

"ఉండండక్కా. చూపించండి అన్నయ్యగారూ."

ఆయన కిటికీ దించి కుడిచెయ్యి బయటపెట్టారు. మోచేతి దాకా. అరచెయ్యి తెరిచి, పైకీ కిందకీ, నెమ్మదిగా, రెండుసార్లు ఆడించారు. అందులో రమ్మనడమూ ఉంది, పొమ్మనడమూ ఉంది, బాగున్నావా అనడమూ ఉంది. నేను చూసినా పలకరింపే అనుకునేదాన్ని.

వెనకనించి వచ్చిన ధాన్యం లారీలో ఎడమ పక్కన కూర్చున్న క్లీనరు, తలకి తువ్వాలు చుట్టుకున్నాయన, ఆ చెయ్యి చూసి పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. తనూ చెయ్యూపాడు. పీం.

"ఇంకోసారి" అంది ఆస్మా.

ఈసారి బస్సు. డ్రైవరు హారన్ కొట్టాడు. కిటికీ పక్కనున్న పెద్దావిడ మాకు చెయ్యూపింది, తెలిసినవాళ్ళమనుకుంది కాబోలు. నాకు ఒక్కరి మీదా కోపం తెచ్చుకునే వీలు లేకుండా, అందరూ మర్యాదస్తులే.

"చాలు" అంది ఆస్మా. ఆయన చెయ్యి లోపలికి తీసుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నారు. ఏడుస్తున్నారని వెనకనించే తెలుస్తోంది. నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. సీటు వెనక్కి జరిగినట్టయింది. కాళ్ళు కదిపారనుకున్నాను.

వెనక ఒక ట్రాక్టరు వస్తోంది, నారు కట్టలు వేసుకుని. పక్కకొచ్చాక దాన్ని నడిపే ఆయన మా డ్రైవరు కిటికీ వైపు చూసి, నవ్వి, తనూ చెయ్యెత్తి ఊపి పోయాడు.

మా ఆయన చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. నేను వాటినే చూస్తున్నాను.

దాని వెనక ఒక ఆటో. ఆటో అతను కూడా అదే కిటికీకి చెయ్యూపాడు. పీం.

ఆస్మా నా వైపు తిరిగింది. ఆమె కూడా ఆ చేతులనే చూస్తోందని అప్పుడు తెలిసింది. భయపడినట్టు లేదు. తలుపు తీసుకుని దిగింది. బురదలో చెప్పులు దిగబడుతుంటే కొంగు సర్దుకుని, బండి వెనకగా చుట్టూ తిరిగి, డ్రైవరు కిటికీ దగ్గరికి వచ్చి ఆగింది. వెళ్ళే బండ్ల గాలికి ఆమె కొంగు ఎగురుతోంది. దగ్గరకొచ్చిన వ్యాను ఒకటి ఆమెని చూసి పక్కకి జరిగి, హారన్ కొట్టకుండా పోయింది.

ఆస్మా కిటికీ మీద చెయ్యి ఆనించి వంగింది. వాళ్ళింట్లో వాళ్ళు మాట్లాడుకునే ఉర్దూలో, ఏమైందండీ అని రోజూ సాయంత్రం గేటు తీస్తూ అడిగే గొంతుతోనే అడిగింది.

"క్యా హువా జీ?"

మా ఆయన తల తిప్పలేదు. అడిగింది తనని కాదని ఆయనకి తెలుసు. సీట్లో ఇంకొంచెం ఎడమ పక్కకి జరిగి, చోటిచ్చి కూర్చున్నారు.